విభజన జరిగిపోయింది, మనసు ఇంకా ఒప్పుకోవట్లేదు: ఆశ నిలబెట్టుకోవడానికి నేను చేసే పనులు

ప్రతి ఏడాది జూన్ 2 పొద్దున్నే నా ఫోన్‌లో రెండు రకాల మెసేజ్‌లు ఉంటాయి. ఆఫీసు స్నేహితుల నుంచి అవతరణ దినోత్సవ శుభాకాంక్షలు, గన్‌పార్క్ స్తూపం ఫొటో, తంగేడు పూలు. తెనాలి పక్కన మా ఊళ్లో ఉన్న చుట్టాల నుంచి మాత్రం తలుపులు మూసి మనల్ని విడగొట్టి ఇన్నేళ్లయింది, ఏం ఒరిగింది అంటూ పొడవాటి ఆవేదన. రెండూ నావాళ్లవే. నేను 2003 నుంచి హైదరాబాద్‌లో ఉంటున్నాను, పిల్లలు ఇక్కడే పుట్టారు, వాళ్ల అమ్మమ్మ ఊరు మాత్రం ఇప్పుడు వేరే రాష్ట్రం.

ఆంధ్రప్రదేశ్ విభజన గురించి మాట్లాడితే ఇప్పటికీ గొంతు పూడుకుపోయే వాళ్లు నాకు చాలామంది తెలుసు. కోరుకున్న రాష్ట్రం వచ్చిన తర్వాత కూడా "దీనికోసమేనా పిల్లలు ప్రాణాలిచ్చింది" అని కుమిలిపోయే తెలంగాణ వాళ్లూ తెలుసు. ఈ రాత ఇద్దరి కోసం. ఎవరిది న్యాయం అని తేల్చడానికి రాయట్లేదు. ఒక పెద్ద నిర్ణయం మన ఇంటి మధ్యలోంచి గీత గీసుకుంటూ పోయినప్పుడు, ఇక ఏదీ బాగుపడదన్న నిరాశలో కూరుకుపోకుండా ఏం చేయొచ్చో, నాకు పనికొచ్చినంత వరకు చెబుతాను.

ముందు మీ బాధ దేనికో విడదీసుకోండి

చాలాకాలం నేను ఈ పని చేయలేదు, అందుకే ఎటూ కదలలేకపోయాను. విభజన బాధ అని మనం అనేది ఒకటి కాదు. అసలు విడిపోవడమే ఇష్టం లేకపోవడం ఒకటి. విడగొట్టిన తీరు వల్ల కలిగిన అవమానం ఇంకొకటి. విడిపోయాక ఇస్తామన్నవి ఇవ్వకపోవడం, పంచాల్సినవి పంచకపోవడం వేరే. ఈ మూడూ ఒకే ముద్దయి గుండెల మీద కూర్చుంటాయి, దేన్ని కదిపినా మిగతావన్నీ సలుపుతాయి.

మొదటిది అయిపోయింది. ఈ మాట చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. రాజ్యాంగంలో 3వ అధికరణం ప్రకారం రాష్ట్రాల సరిహద్దులు మార్చే అధికారం పార్లమెంటుది, శాసనసభని అభిప్రాయం అడగాలి అంతే, ఆ అభిప్రాయానికి కట్టుబడక్కర్లేదు. 2014 జనవరి 30న ఉమ్మడి శాసనసభ బిల్లుని మూజువాణి ఓటుతో తిప్పికొట్టింది, అయినా ఢిల్లీలో బిల్లు ఆగలేదు. మళ్లీ కలపాలన్నా పార్లమెంటే ఇంకో చట్టం చేయాలి, అది అడిగే పార్టీ గానీ జనం గానీ రెండు వైపులా ఎక్కడా లేరు. కాబట్టి "మళ్లీ కలుస్తామేమో" అన్న చోట ఆశ పెట్టుకుంటే ప్రతి ఏడాదీ అది ఓడిపోతూనే ఉంటుంది. అక్కడి నుంచి తీసేయండి. ఏడుపొస్తే ఏడవండి, కానీ తీసేయండి.

రెండోది, తీరు. ఇది మానడం కష్టం, ఎందుకంటే దీనికి మందు లేదు. 2014 ఫిబ్రవరి 18 మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. ఆఫీసు క్యాంటీన్‌లో గోడకున్న టీవీ ముందు నలభై మందిమి నిలబడి ఉన్నాం. అంతకు ఐదు రోజుల ముందే లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టారు, ఆ రోజు ఏమవుతుందో అని అందరికీ టెన్షన్. ఉన్నట్టుండి సభ నుంచి ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపం అని తర్వాత చెప్పారు. తెర మీద కింద నడిచే అక్షరాలు మాత్రమే కనబడుతున్నాయి, కాసేపటికి వాటిల్లోనే బిల్లు పాసయిందని వచ్చింది. క్యాంటీన్‌లో సగం మంది ఒకరినొకరు కౌగిలించుకుని కేకలు వేశారు. మిగతా సగం మంది టిఫిన్ బాక్సుల మూతలు పెట్టుకుని వెళ్లిపోయారు. నా చేతిలో స్పూను అలాగే ఉండిపోయింది. నా రాష్ట్రం గురించిన ఓటింగు నేను చూడలేకపోయానన్న బాధ విభజన బాధ కంటే పెద్దది, ఈ రోజుకీ. దాన్ని తక్కువ చేసి మాట్లాడే వాళ్ల దగ్గర దాని ఊసెత్తకండి. అర్థం చేసుకునే ఒక్కరి దగ్గర మాత్రం పూర్తిగా చెప్పుకోండి.

మూడోది, తర్వాత జరగాల్సినవి జరగకపోవడం, ఇది మాత్రం ఇంకా తెరిచే ఉంది. ఆశ పెట్టుకోవాల్సిన చోటు ఇదే. ఇక్కడ మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, వాటిలో మొదటిది చాలా సాదా పని.

చట్టం మీరే చదవండి

ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం, 2014లో 6వ నంబరు చట్టం. 108 సెక్షన్లు, 13 షెడ్యూళ్లు, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇన్నేళ్లుగా దాని మీద వాదించుకున్న మా చుట్టాల్లో దాన్ని తెరిచి చూసిన వాళ్లు ఇద్దరు కూడా లేరు. అంతా చదవక్కర్లేదు. 5, 26, 90, 93, 94 సెక్షన్లు, తొమ్మిది, పది, పదమూడు షెడ్యూళ్లు చాలు, ఒక ఆదివారం మధ్యాహ్నం పని.

చదివితే నిరాశ పెరుగుతుందేమో అని భయపడ్డాను. జరిగింది వేరు. ఎవరో చెప్పిన మాట మీద కోపం తెచ్చుకోవడం, కాగితం మీద ఉన్న మాట పట్టుకుని అడగడం ఒకటి కాదని అప్పుడే తెలిసింది. ఉదాహరణకి ప్రత్యేక హోదా. అది చట్టంలో ఎక్కడుందో చూద్దామని నేను రెండు సార్లు వెతికాను. లేదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఐదేళ్ల పాటు ఇస్తామని చెప్పిన హామీ అది. సభలో ప్రధాని ఇచ్చిన మాటకి విలువ లేదని నేననను, ఉండాలి, కానీ "చట్టంలో ఉంది ఇవ్వాల్సిందే" అని అడిగితే అవతలి వాళ్లు ఒక్క నిమిషంలో నోరు మూయించేస్తారు. "సభలో దేశ ప్రధాని ఇచ్చిన మాట" అని అడిగితే అంత తేలిగ్గా తప్పించుకోలేరు.

26వ సెక్షన్ ఇంకా మంచి పాఠం. అసెంబ్లీ సీట్లు ఆంధ్రప్రదేశ్‌లో 175 నుంచి 225కి, తెలంగాణలో 119 నుంచి 153కి పెంచాలని అందులో ఉంది. ఈ రెండు అంకెలు పట్టుకుని రెండు రాష్ట్రాల నాయకులూ పదేళ్ల పాటు ఆశావహులకి సీట్లు చూపించారు. కానీ ఆ సెక్షన్ మొదలయ్యేదే "రాజ్యాంగంలోని 170వ అధికరణానికి లోబడి" అనే అర్థమొచ్చే మాటతో. ఆ అధికరణం ప్రకారం 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా సీట్ల సంఖ్య కదలదు. 2025 జులైలో సుప్రీంకోర్టు కూడా ఇదే కారణంతో పిటిషన్ కొట్టేసింది. "లోబడి" అన్న ఒక్క మాట ముందే చూసి ఉంటే ఎంతమంది ఎదురుచూపు తగ్గేదో.

ఇక పదమూడో షెడ్యూలు, అంటే రెండు రాష్ట్రాలకీ కేంద్రం ఇచ్చిన హామీల జాబితా. ఇది రెండు మూడు పేజీలే, ప్రింట్ తీసుకోండి. అందులో ప్రతి వాక్యంలో క్రియ కింద గీత గీయండి. ఒక చోట "నెలకొల్పుతుంది" అని ఉంటుంది, ఇంకో చోట "సాధ్యాసాధ్యాలు పరిశీలిస్తుంది" అని ఉంటుంది. కడప ఉక్కు, ఖమ్మం ఉక్కు, తెలంగాణలో రైల్ కోచ్ ఫ్యాక్టరీ, ఇవన్నీ ఆరు నెలల్లో పరిశీలిస్తామన్న కోవలోవి. పరిశీలించి కుదరదంటే చట్టం ప్రకారం వాళ్ల పని అయిపోయినట్టే, ఎంత అన్యాయంగా అనిపించినా. దుగరాజపట్నం ఓడరేవు మాత్రం అలా కాదు, అభివృద్ధి చేయాల్సిందే, మొదటి దశ 2018 చివరికల్లా కావాలి అని రాసుంది. అదీ రాలేదు. గీత గీసుకున్నాక ఏది మాట తప్పడం, ఏది మొదటి నుంచే డొంకతిరుగుడు మాట అన్నది మీకే తెలిసిపోతుంది.

వచ్చినవి కూడా అదే కాగితం మీద టిక్ పెట్టండి. దీన్ని చాలామంది చేయరు, చేస్తే తమ వాదన బలహీనపడుతుందని అనుకుంటారు. తిరుపతి ఐఐటీ 2015లో మొదలైంది, అదే ఏడాది తాడేపల్లిగూడెంలో ఎన్ఐటీ, విశాఖలో ఐఐఎం. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ములుగులో సమ్మక్క సారక్క గిరిజన విశ్వవిద్యాలయానికి చట్టం 2023 డిసెంబరులో వచ్చింది, తొమ్మిదేళ్లు దాటాక. విశాఖ కేంద్రంగా రైల్వే జోన్ ప్రకటన 2019 ఫిబ్రవరిలో, దాని ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరిలో. ఆలస్యం ఎంత ఘోరంగా ఉందో ఈ తేదీలే చెబుతాయి. ఇక రాదు అని అందరూ వదిలేసింది కూడా ఒకరోజు వచ్చిందని కూడా ఈ తేదీలే చెబుతాయి. నాకు రెండో మాట ఎక్కువ అవసరం, అందుకే ఆ కాగితం బీరువా తలుపు లోపలి వైపు అతికించుకున్నాను.

ఒక్కదాన్ని పట్టుకోండి, దాన్నే వెంటాడండి

పదిహేను అంశాల గురించీ రోజూ బాధపడటం ఎవరి వల్లా కాదు. మీ ఊరికో మీ ఇంటికో తగిలే ఒక్కటి ఎంచుకోండి. కాజీపేట వాళ్లయితే రైల్వే ఫ్యాక్టరీ, పోలవరం ముంపు మండలాల్లో చుట్టాలుంటే పునరావాసం. (ఆ ఏడు మండలాల ఆదివాసీల మాట వేరేగా చెప్పాలి. విభజన కావాలా వద్దా అని రాష్ట్రమంతా కొట్టుకుంటున్నప్పుడు కూడా వాళ్లని ఎవరూ ఏమీ అడగలేదు. 2014లో ఆర్డినెన్స్‌తో తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కి మార్చేశారు. మన బాధ గురించి మాట్లాడేటప్పుడు నాకు వాళ్లు గుర్తొస్తే గొంతు కొంచెం తగ్గుతుంది.)

మా ఇంటికి తగిలింది తొమ్మిదో షెడ్యూలు. అందులో సుమారు 90 ప్రభుత్వ సంస్థలు, కార్పొరేషన్లు ఉన్నాయి. వాటి ఆస్తులు, అప్పులు, ఉద్యోగులని రెండు రాష్ట్రాలకీ పంచాలి. ఎలా పంచాలో చెప్పడానికి షీలా భిడే కమిటీ వేశారు, సిఫార్సులూ వచ్చాయి, కానీ ప్రధాన కార్యాలయం ఆస్తి అంటే ఏమిటన్న దగ్గరే రెండు ప్రభుత్వాలకీ పొసగలేదు. మా బాబాయి అలాంటి ఒక కార్పొరేషన్‌లో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. రావాల్సిన డబ్బులో కొంత ఆగిపోయింది. ఇక్కడ అడిగితే మీరు అటు వాళ్లు అంటారు, విజయవాడ వెళ్లి అడిగితే పంపకం తేలలేదు, ఇక్కడ ఫైలు లేదు అంటారు. బట్టల షాపు కవర్‌లో కాగితాలు పెట్టుకుని రెండు రాష్ట్రాల మధ్య రైలెక్కి దిగుతూ మనిషి సగమైపోయాడు. రాత్రిపూట టీవీ చర్చలు చూసి ఇంకా కుంగిపోయేవాడు.

2019లో ఒకరోజు ఆ కవర్ నేను తీసుకుని సమాచార హక్కు దరఖాస్తులు రెండు రాశాను, ఇటు కార్పొరేషన్‌కి ఒకటి, అటు కార్పొరేషన్‌కి ఒకటి. ఎలా రాయాలో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే పొరపాటు చేస్తారు.

"ఎందుకు ఇవ్వట్లేదు" అని అడగకండి. అది సమాచారం కాదు, వివరణ, కాబట్టి ఇవ్వక్కర్లేదని తిప్పి పంపుతారు. కాగితాలు అడగండి. ఫలానా ఉద్యోగి బకాయిలకి సంబంధించి ఫలానా తేదీ తర్వాత జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాల నకళ్లు, ఫైలులోని నోట్ పేజీల నకళ్లు, ఆ ఫైలు ప్రస్తుతం ఏ హోదా గల అధికారి దగ్గర ఏ తేదీ నుంచి ఉంది, ఈ మూడు చాలు. కింద మీ పేరు, చిరునామా, సంతకం. 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. కేంద్ర ప్రభుత్వ శాఖలకైతే ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, ఇంట్లో కూర్చుని యూపీఐతో 10 రూపాయలు కట్టొచ్చు. పోలవరం, రైల్వే, పదమూడో షెడ్యూలు విషయాలకి అదే దారి. పొరపాటున వేరే శాఖకి పంపినా ఐదు రోజుల్లో సరైన శాఖకి వాళ్లే బదిలీ చేయాలి. జవాబుకి గడువు 30 రోజులు. రాకపోయినా, వచ్చింది సరిగ్గా లేకపోయినా ఇంకో 30 రోజుల్లో అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. అక్కడా పని కాకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కి. ఈ తేదీలు క్యాలెండర్‌లో రాసుకోండి, లేకపోతే మర్చిపోతారు, వాళ్లకి కావాల్సిందీ అదే.

మాకు ఒక చోటి నుంచి 27వ రోజున, ఇంకో చోటి నుంచి అప్పీలు వేశాక జవాబు వచ్చింది. ఫైలు ఫలానా తేదీన అటు పంపేశాం అని వీళ్లు రాశారు. అలాంటి ఉత్తరం మాకు అందలేదని వాళ్లు రాశారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి డైనింగ్ టేబుల్ మీద చూస్తూ బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "కాగితం ఎక్కడ ఆగిందో తెలిసిందమ్మా. ఇవాళ నిద్ర పడుతుంది." డబ్బు ఆ రోజు రాలేదు. ఆ రెండు జవాబులకీ పిన్ను కొట్టి తిరిగితే పద్నాలుగు నెలలకి కొంత వచ్చింది, ఇంకొంత రావాలి. కానీ ఆ రోజు నుంచి ఆయన టీవీ చర్చలు చూడటం మానేశాడు, అది నేను కళ్లారా చూశాను.

ఇంకో దారి మీ ఎంపీ. ఎంపీలు అడిగిన ప్రశ్నలు, మంత్రులు ఇచ్చిన జవాబులు పార్లమెంటు వెబ్‌సైట్‌లో అన్నీ ఉంటాయి. మీ అంశం మీద ఇప్పటికే ఏం జవాబిచ్చారో వెతకండి, పాత జవాబుకీ కొత్త జవాబుకీ తేడా కనబడితే అది మీ చేతిలో ఆయుధం. ఎంపీకి "మాకు న్యాయం చేయండి" అని కాకుండా "ఫలానా తేదీన మంత్రి ఇలా చెప్పారు, ఆ పని ఏ దశలో ఉందో నక్షత్ర గుర్తు లేని ప్రశ్నగా అడగండి" అని రాయండి. రాతపూర్వక జవాబు వస్తుంది. మన తరఫున ఒక మనిషి చేయగలిగినంత చిన్న పని అడిగితే చేసే అవకాశం ఎక్కువ. నేను ముగ్గురికి రాశాను, ఒకరి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది.

అవతలి వైపు ఒక్క మనిషిని దగ్గర చేసుకోండి

అన్నిటికంటే ఎక్కువ నన్ను నిలబెట్టింది ఇదే. ఆ ఫిబ్రవరి 18న క్యాంటీన్‌లో కేకలు వేసిన వాళ్లలో మా టీమ్ అన్న ఒకాయన ఉన్నాడు, నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. మర్నాడు స్వీట్ డబ్బా తెచ్చి అందరి బల్లల మీదా పెడుతూ నా దగ్గరికి వచ్చి ఆగాడు. డబ్బా తెరవలేదు. "చెల్లె, నువ్వు బాధపడుతున్నవని నాకెరుకే. గని నేను నవ్వకుండ ఎట్లుంట చెప్పు. మా నాయిన కాళ్లు చూసినవా నువ్వు?" అన్నాడు.

చూడలేదు. ఆ ఏప్రిల్‌లో వాళ్లింటికి వెళ్లాను. ఆయన తండ్రికి మోకాళ్లు లోపలికి ఒంగిపోయాయి, మంచం మీద నుంచి లేవడానికి రెండు చేతులూ నేలకి ఆనించాలి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్. నలభై ఏళ్లకే అలా అయిపోయాడట. "సాగర్ మా జిల్లలనే ఉన్నది. నీళ్లు మాత్రం మా ఊరికి రాలె" అని ఆ పెద్దాయన నెమ్మదిగా అన్నాడు, కోపంగా కూడా కాదు. నేను కృష్ణా డెల్టాలో పుట్టాను. మా ఇంటి వెనకే కాలువ. నీళ్లు రాకపోవడం అంటే నాకు ఒక వారం ఆలస్యంగా వదలడం. ఆ రోజు వాళ్ల ఇంట్లో స్టీలు గ్లాసుతో ఇచ్చిన నీళ్లు తాగేటప్పుడు నా చెయ్యి వణికింది.

దాంతో నా బాధ పోలేదు. నాకు జరిగింది అన్యాయం కాదని కూడా అనుకోలేదు. కానీ అవతలి వాళ్ల సంతోషం నా మీద కక్ష కాదని ఆ మంచం పక్కన కూర్చున్నప్పుడు అర్థమైంది. ఆయనకి కూడా ఒకటి అర్థమైంది, చాలా రోజుల తర్వాత చెప్పాడు: మేము హైదరాబాద్ పోయిందని ఏడిస్తే అది భూముల కోసం అనుకున్నాడట, పిల్లల చదువులు, ఉద్యోగాలు అన్నీ ఒకే ఊళ్లో పెట్టుకున్న వాళ్ల భయం అనుకోలేదట.

ఇలాంటి మాటలు మొదలుపెట్టేటప్పుడు కొన్ని పట్టింపులు పెట్టుకోండి. నలుగురు ఉన్న చోట వద్దు, ఇద్దరే ఉన్నప్పుడు. ఎన్నికల నెలలో వద్దు. "మీవాళ్లు" అని మొదలుపెట్టకండి, ఆ మాటతోనే మనిషి కాస్తా గుంపైపోతాడు. నాయకుల పేర్లు ఎత్తకండి, ఎత్తితే ఇక వాళ్ల గురించే మాట్లాడుకుంటారు. మీ ఇంట్లో జరిగింది చెప్పండి, వాళ్ల ఇంట్లో ఏం జరిగిందో అడగండి. యాసని వెక్కిరించే పాత అలవాటు ఏదైనా ఉంటే మానేయండి. మా వైపు ఆ అలవాటు ఉండేది, సినిమాల్లో తెలంగాణ మాట అంటే రౌడీకో హాస్యానికో అన్నట్టు పెరిగాం, అది వాళ్లకి ఎంత గుచ్చుకుందో మేము గమనించుకోలేదు. అలాగే ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లల్ని "సెట్లర్లు" అంటే ఎలా ఉంటుందో కూడా చెప్పండి. చెప్పాలి, దాచుకోకూడదు.

ఇంట్లో పెద్దవాళ్లని పాత తేదీలు అడగండి

మా తాతయ్యకి 1953 బాగా తెలుసు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచాక ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, కానీ మద్రాసు రాలేదు. "మదరాసు మనదే" అని ఊళ్లో ఊరేగింపులు చేసిన మనిషి ఆయన. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది, ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. మద్రాసు పోయిన రోజు వాళ్ల నాన్న అన్నం తినలేదట. అదే తాతయ్య 1956లో విశాలాంధ్రకి సంబరపడ్డాడు, 1972లో జై ఆంధ్ర అని రోడ్డెక్కాడు, అంటే ఆనాడు విడిపోతామని పట్టుబట్టింది మావాళ్లే. అంతకు మూడేళ్ల ముందు, 1969లో, విడిపోతామన్న తెలంగాణ పిల్లల మీద కాల్పులు జరిగాయి, 369 మంది పోయారని చెప్పుకుంటారు, గన్‌పార్క్ స్తూపం వాళ్లదే.

ఇదంతా వరుసగా రాసుకున్నాక నాకు మొదటిసారి ఊపిరి ఆడింది. కలిసి ఉండటం, విడిపోవడం అనేవి రెండూ ఈ డెబ్బై ఏళ్లలో ఒకసారి వాళ్ల నినాదం, ఒకసారి మా నినాదం. ఒక కుటుంబం రెండు రాజధానులు పోగొట్టుకుంది, మద్రాసు, హైదరాబాదు. మద్రాసు పోయాక వాళ్లు నాశనం కాలేదు. మా పెదనాన్న చదువు గుంటూరులో అయింది, ఉద్యోగం హైదరాబాద్‌లో. అమరావతి అని ఒకసారి, మూడు రాజధానులని ఒకసారి, రాజధాని ఏదని అడిగితే పిల్లలకి చెప్పలేకపోయిన ఏళ్లు మాకూ ఉన్నాయి, అవి నిజంగా చెడ్డ ఏళ్లు, భూములిచ్చిన రైతులకి ఇంకా చెడ్డవి. కానీ కర్నూలు గుడారాల కథ విన్న వాళ్లకి, ఇది మనవాళ్లు ఇంతకు ముందు దాటిన వాగే అని తెలుస్తుంది.

టీవీ, ఫోన్, ఎన్నికలు

ఇది క్లుప్తంగా. విభజన మీద చర్చ అని కనబడితే చానల్ మార్చండి. వార్త కావాలంటే మర్నాడు పేపర్‌లో చదవండి, అరుపులు లేకుండా ఉంటుంది. ఎవరైనా ఫార్వర్డ్ పంపితే ఏ సెక్షన్, ఏ తేదీ అని ఒక్క ప్రశ్న వేయండి, ఎక్కువమంది అక్కడితో ఆగిపోతారు. రెండు రాష్ట్రాల ఎన్నికల ముందు ఈ గాయాన్ని ఎవరో ఒకరు గోకుతారు, అది వాళ్లకి పని, మీకు కాదు.

ఏ ఆశా లేని రోజు

ఉంటుంది అలాంటి రోజు. 2024 జూన్ 2న ఉమ్మడి రాజధాని గడువు అయిపోయింది, 93వ సెక్షన్‌లో హామీల అమలుకి పెట్టిన పదేళ్లూ అదే రోజుతో అయిపోయాయి. ఆ రాత్రి నేను బీరువా తలుపు తెరిచి ఆ కాగితం చూసి, టిక్ లేని గళ్లన్నీ లెక్కపెట్టి, చింపేద్దామనుకున్నాను. అలాంటప్పుడు నన్ను నేను ఒప్పించుకోవడానికి ప్రయత్నించను. వంట చేస్తాను, పడుకుంటాను. నిరాశగా ఉన్నప్పుడు ఉత్తరాలు రాయకండి, ఎవరికీ ఫోన్లు చేయకండి, ముఖ్యంగా చుట్టాలకి. ఆ బాధ వారాల తరబడి వదలకుండా, నిద్ర, తిండి పోతుంటే అది రాజకీయం దాటిన విషయం, డాక్టర్‌ని కలవండి, ఇందులో నామోషీ ఏమీ లేదు.

అలాంటి రాత్రి తర్వాత తెల్లవారి చేసే పని చిన్నదై ఉండాలి. ఢిల్లీలో ఏపీ భవన్ స్థలం పంపకం 2024 మార్చిలో తేలింది, పదేళ్లకి. అదే ఏడాది జులై 6న ఇద్దరు ముఖ్యమంత్రులు హైదరాబాద్ ప్రజా భవన్‌లో కూర్చుని మిగిలినవి మాట్లాడుకున్నారు. నేను ఆ మర్నాడు బాబాయికి ఫోన్ చేసి, కార్పొరేషన్ల సంగతి ఏమైందో అడుగుతూ కొత్త దరఖాస్తు రాద్దామా అన్నాను. ఆయన అప్పటికే పోస్టాఫీసుకి వెళ్లి రెండు పోస్టల్ ఆర్డర్లు కొనుక్కొచ్చి పెట్టుకున్నాడు.